ఇసాబెల్ చెయ్యి

ఇసాబెల్ లెథమ్ పేరెత్తగానే సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట, తెలిసినవాళ్లు ఒక్క ముచ్చటే చెబుతారు. అది 1915. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఉత్తర తీరం. 1912 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు సర్ఫింగ్ ప్రదర్శన ఇస్తూ పదిహేనేళ్ల ఈ పిల్లను తన బోర్డు మీదికి ఎక్కించుకున్నాడు. అల లేచాక కిందికి చూస్తే కొండ అంచు మీంచి చూసినట్టే ఉందనీ, వద్దంటే వద్దని అరిచాననీ తర్వాత ఆమే చెప్పింది. డ్యూక్ వినలేదు. మెడ వెనక పట్టుకుని లేపి నిలబెట్టాడు.

కథ అక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాతి ఎనభై ఏళ్లే ముఖ్యం.

1918లో అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో ఈత నేర్పడమే వృత్తిగా చేసుకుంది. సిడ్నీ బీచ్‌లలో మునిగేవాళ్లను కాపాడే పద్ధతులను అక్కడికి తీసుకెళ్లాలనుకుని సిడ్నీలోనే ఉన్న మ్యాన్లీ బీచ్ రక్షకుల క్లబ్బులో సభ్యత్వం అడిగితే ఇవ్వలేదు. పోటెత్తిన సముద్రాన్ని ఆడది తట్టుకోలేదట! అలమీద నిలబడి చూపించిన మనిషికి ఆ జవాబు. ఆస్ట్రేలియాలో ఆడవాళ్లకు ఆ సభ్యత్వం పూర్తిస్థాయిలో దక్కింది 1980లో.

ప్రమాదంలో గాయపడి, 1929లో ఇంటికి తిరిగొచ్చింది. కోలుకున్నాక సిడ్నీ ఉత్తర తీరంలోని ఫ్రెష్‌వాటర్ చుట్టుపక్కల పిల్లలకు ఏళ్ల తరబడి ఈత నేర్పింది.

నేను ఈత నేర్చుకున్నది పెద్దయ్యాకే. అందుకే ఆ పని విలువ నాకు తెలుసు. కాళ్లూ చేతులూ ఆడించడం తర్వాత సంగతి. ముందు ముఖం నీళ్లలో ముంచి ఊపిరి మెల్లగా వదలాలి. ఆ కాసేపట్లోనే సగం భయం పోతుంది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద చెయ్యి ఆనిస్తారు. ఆ చెయ్యి ఎప్పుడు తీసేశారో మనకు తెలియకూడదు, అదే గురువు నేర్పు. డ్యూక్ ఆమెను ఒక్కసారి లేపి నిలబెట్టాడు. ఆమె పిల్లల్ని నీటికి అలవాటు చేస్తూ జీవితమంతా గడిపింది. ఆ మొదటి అల కన్నా నాకు ఇదే గొప్ప.

1978లో ఆస్ట్రేలియా మహిళా సర్ఫర్ల సంఘం ఆమెను గౌరవ పోషకురాలిగా ఎంచుకుంది. 1995లో కన్నుమూసింది.

మన కోస్తాలో ఆడపిల్లకు మనం చెప్పే మొదటి మాట, ఒడ్డునే ఉండమని. సముద్రం ప్రమాదకరమే, కాదనను. అందుకే ముందు ఈత నేర్పించండి. ఈ వేసవి సెలవుల్లో కూతుర్ని మంచి గురువు దగ్గరికి పంపండి. వీలైతే అమ్మలూ, మీరూ దిగండి.