క్వాంటం యుగపు సంతకములు: వేగమొక్కటే గుణమా?

అమరావతిలో 156 క్యూబిట్ల ఐ.బి.ఎం. క్వాంటం యంత్రమును నెలకొల్పుదుమని 2025 మే నెలలో ప్రకటన వెలువడినది. యంత్రపు శక్తిని గూర్చి వినవచ్చు పొగడ్తలలో పదవ వంతైనను, ఆ శక్తికి తట్టుకొనవలసిన సంతకములను గూర్చి వినవచ్చుట లేదు.

నేడు కృష్ణా డెల్టా రైతు అడంగలు సైతము డిజిటల్ సంతకముతో వచ్చుచున్నది. ఆర్.ఎస్.ఏ. వంటి సంతకపద్ధతికి ఆధారము, పెద్ద సంఖ్యను కారణాంకములుగా విడదీయుట కష్టమను నమ్మకము. తగినంత పెద్ద క్వాంటం యంత్రమునకు అది కష్టము కాదని 1994లో పీటర్ షోర్ నిరూపించెను. 156 క్యూబిట్లు ఇందుకు చాలవు. అయితే భూమి పత్రము తరతరములు నిలువవలసినది. రహస్య సంఖ్య బయటపడిన నాడు, వెనుకటి తేదీతో దొంగ పత్రము పుట్టింపవచ్చును.

ఇందుకు విరుగుడుగా అమెరికా ప్రమాణ సంస్థ 2024 ఆగస్టు 13న ప్రకటించిన పద్ధతులలో ముఖ్యమైనది ఎం.ఎల్.-డి.ఎస్.ఏ. దీని అతి చిన్న సంతకమే 2,420 బైట్లు. నేడు వాడుకలోనున్న ఈ.సీ.డి.ఎస్.ఏ. సంతకము 64 బైట్లే. ఈ బరువును చిన్న చిప్పు మోయగలదా?

నిర్మాతల తెలివిని ముందుగా మెచ్చుకొనవలెను. లెక్కలన్నియు 8380417 అను సంఖ్యతో భాగింపగా మిగులు శేషములతో జరుగును. అది 2²³ – 2¹³ + 1. కనుక శేషమునకై భాగహారము అక్కరలేదు. అంకెలను జరిపి, కూడికలు, తీసివేతలు చేసిన చాలును. విద్యార్థులు దీనిని కాగితముపై సరిచూడవచ్చును.

లోపమెల్ల చిప్పులను కొలుచు తీరులో నున్నది. 256 గుణకములు గల బహుపదులను త్వరగా గుణించుటకై చేయు ఒక్కొక్క రూపాంతరమునకు 1,024 చిన్న లెక్కలు కావలెను. వాటిని చేయు గణన విభాగములను పెంచి, ‘ఇంత వేగము సాధించితిమి’ అనుట పరిపాటి. తూములు పెంచినంత మాత్రమున కాలువలో నీరు పెరుగునా? జ్ఞాపకశక్తి విభాగము అంకెలను అంత వేగముగా అందింపనిచో, గణన విభాగములు ఊరక కూర్చుండును. పైగా, సంతకము రహస్యమును బయటపెట్టునట్లున్నచో దానిని త్రోసివేసి మరల ప్రయత్నింపవలెను. చిన్న తరగతిలో ఒక సంతకమునకు సగటున మొత్తము నాలుగింటికి పైగా ప్రయత్నములు కావలెను. మొదటి ప్రయత్నమే ఫలించిన సమయమును మాత్రము చూపుట పాఠకుని తప్పుదారి పట్టించుటయే. చిప్పు వాడు విద్యుత్తులోని హెచ్చుతగ్గులనుబట్టి రహస్యమును పసిగట్టవచ్చును. దానిని అడ్డుకొను రక్షణను చేర్చిన సర్క్యూటు పెరుగును, వేగము తగ్గును.

కావున స్థలము, సగటు కాలము, విద్యుత్తు, రహస్య రక్షణ – ఈ నాలుగింటిని కలిపి చూపని కొలత అసంపూర్ణము. మన ఇంజనీరింగు కళాశాలలలో ఇట్టి చిప్పులను రూపొందింపబూను యువకులు ఈ నాలుగింటిని ఒకే పట్టికలో చూపుట అలవరచుకొనవలెను. రైతు పత్రమును కాపాడునది ఆ పట్టిక మొత్తమే గాని, అందలి ఒక్క అంకె కాదు.