నెలసరి చిత్రాలు చెప్పని మాట

స్త్రీల ఋతుధర్మాన్ని గూర్చి నలుగురిలో మాట్లాడటం తప్పుగా ఎంచే దేశంలో, ఆ విషయాన్నే ఇతివృత్తంగా గ్రహించిన రెండు చిత్రాలు 2018లో వెలువడినవి. ఒకటి ఆర్. బాల్కీ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం ‘ప్యాడ్ మ్యాన్’. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం చౌకగా ప్యాడ్లు చేసే యంత్రాన్ని రూపొందించిన వృత్తాంతం దీనికి ఆధారం. రెండవది రైకా జెహ్తాబ్చీ తీసిన లఘుచిత్రం ‘పీరియడ్. ఎండ్ ఆఫ్ సెంటెన్స్’. ఉత్తరప్రదేశ్‌లోని కాఠీఖేరా గ్రామస్త్రీలు ప్యాడ్లు తయారుచేసి అమ్ముకొనడం ఇందలి కథ. 2019లో దీనికి ఆస్కార్ బహుమానం లభించినది.

ఈ చిత్రాలు చేసిన మేలు తక్కువది కాదు. గుసగుసలుగా ఉండిపోయిన మాటను ఇవి తెర మీదికి తెచ్చినవి. అయినను రెండింటిలోను సమస్య ఒక్కటే, పరిష్కారం ఒక్కటే. ప్యాడ్ లేదు, ప్యాడ్ వచ్చినది, కథ సుఖాంతమైనది. శాస్త్రదృష్టితో చూచినప్పుడు ఇదియే వీటి లోపం. స్రావాన్ని పీల్చుకొనే వస్తువు శుభ్రతకు సంబంధించినది. ఆ స్రావం సక్రమంగా వస్తున్నదా, బాధతో వస్తున్నదా అన్నది ఆరోగ్యానికి సంబంధించినది. మొదటిది అంగడిలో దొరకును. రెండవదానికి వైద్యుని సలహా కావలెను.

ఈ భేదం తెలంగాణలో మరింత స్పష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రపు 15-24 ఏండ్ల యువతులలో పదింట సుమారు తొమ్మిదిమంది శుభ్రమైన సాధనాలనే వాడుతున్నారు. అదే సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనులని తేలినది. అందుకు గల పలు కారణాలలో అధిక ఋతుస్రావం ఒకటి.

రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతాన్నే ఉదాహరణగా తీసికొనవచ్చును. ఆసుపత్రి ఎరుగని ఊరు కాదిది. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉన్నది; 2022లో రామగుండంలో వైద్యకళాశాల వెలసినది. గనికార్మికునికి కనీసం ఐదేండ్లకొకసారి వైద్యపరీక్ష జరగవలెనని 1955 నాటి గనుల నియమాలు శాసించినవి. దగ్గు ముదరక ముందే ఛాతీని పరీక్షింపజేయడం గని కుటుంబాలకు కొత్త కాదు. అటువంటి ఇంటిలోనే కూతురు నెలనెలా నొప్పితో మెలికలు తిరుగుతుంటే, “ఆడపుట్టుక పుట్టినంక తప్పుతదా బిడ్డా, రెండు దినాలు ఓర్సుకో” అన్న ఓదార్పే మందవుతున్నది. ‘బయట ఉన్నది’, ‘దూరం ఉన్నది’ అన్న పలుకుబడులు స్త్రీ ఎక్కడ కూర్చున్నదో చెప్పును గాని, ఎట్లా ఉన్నదో చెప్పవు.

ఈ నొప్పికి కారణం తెలియనిది కాదు. గర్భాశయపు లోపొర విడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు వెలువడి గర్భాశయ కండరాన్ని ముడుచుకొనజేయును. అవి ఎక్కువైన కొలది కండరం బిగిసి, దానికే రక్తం చాలక నొప్పి పుట్టును. ఆస్పిరిన్ వంటి మందులు ఈ పదార్థాల ఉత్పత్తిని అడ్డగించునని జాన్ వేన్ 1971లో నిరూపించినారు. 1982 నోబెల్ బహుమానంలో భాగం పొందినారు. కనుక ఓర్పు తప్ప వేరు దారి లేదనడం సరికాదు.

అయితే అన్ని నొప్పులూ ఇటువంటివి కావు. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం దాని వెలుపల పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి, పిల్లలు కలిగే వయస్సులోని స్త్రీలలో సుమారు 10 శాతానికి ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. దీనిని గుర్తించడానికే ఏండ్లు పట్టుచున్నవి. కొందరిలో ఇది సంతానలేమికి దారితీయును. నెలసరి క్రమం తప్పడానికి పి.సి.ఓ.ఎస్., థైరాయిడ్ లోపం వంటివి కారణాలు కావచ్చును. రజస్వల అయిన మొదటి రెండు మూడేండ్లలో కొంత అక్రమం సహజమే. కాని మూడు నెలలపాటు రాకపోవడం, ఏడు రోజులకు మించి స్రవించడం, గంటకొక ప్యాడ్ తడిసిపోవడం, బడి మానవలసినంత నొప్పి, నానాటికి ముదిరే నొప్పి, వీనిలో ఏది కనిపించినా వైద్యుని చూడవలెను.

పెండ్లికాని పిల్లను ఆసుపత్రికి తీసికొనిపోతే నలుగురేమనుకొందురోనన్న జంకు అనవసరం. వైద్యులు మొదట అడిగేవి తేదీలు, రోజులు, నొప్పి తీరు. అవసరమైతే రక్తపరీక్ష, పొట్ట మీదనుంచి చేసే స్కానింగు చేయింతురు. తేదీలను క్యాలెండరుపై గుర్తించి తీసికొనిపోవడం ఎంతో ఉపకరించును. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభించిన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమం మంగళవారాలలో స్త్రీలకు ప్రత్యేక వైద్యాన్ని ఉద్దేశించినది. అందలి సేవలలో ఋతుసమస్యలు, పి.సి.ఓ.ఎస్. కూడ చేర్చబడినవి.

ఆ రెండు చిత్రాలలోను కథకు కేంద్రం యంత్రమే. ఇకమీద ఈ విషయంపై చిత్రం తీయబూనువారు, తల్లి వెంటరాగా వైద్యుని ఎదుట కూర్చుని, తనకు ఎన్ని రోజులు, ఎంత నొప్పి అన్నది జంకక చెప్పే బాలికను చూపింతురు గాక.