కాగితపు స్తంభములు: షిగేరు బాన్ వాస్తుశిల్పముపై ఒక పరిశీలన

గృహనిర్మాణమునకు మట్టి, రాయి, ఇటుక, కర్ర, ఉక్కు, సిమెంటు ముఖ్య సాధనములని అందరు ఎరుగుదురు. ఈ వరుసలో కాగితమును కూడ చేర్చిన ఘనత జపాను వాస్తుశిల్పి షిగేరు బాన్‌కు దక్కినది. ఆయన 1957లో టోక్యోలో జన్మించి, అమెరికాలో విద్యాభ్యాసము చేసి, 1984లో న్యూయార్కులోని కూపర్ యూనియన్ నుండి పట్టము పొందినారు. 1985లో టోక్యోలో స్వంత కార్యాలయము నెలకొల్పినారు. వాస్తుశిల్పులకు అత్యున్నత గౌరవముగా భావించు ప్రిట్జ్‌కర్ బహుమానము 2014లో ఆయనను వరించినది. కాగితముతో ఉక్కుకు బదులు చెప్పిన మాంత్రికుడని ఆయనను పొగడువారు కలరు. శాస్త్రము చదువుకొన్నవారు మాత్రము ఆ పొగడ్తను అంగీకరించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఆయన భవనములలో బరువును నిజముగా మోయుచున్నది కాగితమేనా?

ఈ కథ 1986లో ప్రారంభమైనది. ఫిన్లండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో కృషిపై టోక్యోలో జరిగిన ప్రదర్శనకు బాన్ అలంకరణ సమకూర్చవలసి వచ్చినది. కొద్ది దినములలో విప్పివేయు ప్రదర్శనకు విలువైన కర్రను వాడుట ఆయనకు ఇష్టము లేదు. చుట్టల మధ్య ఉండు అట్ట గొట్టముల వంటివి ఆయన దృష్టిని ఆకర్షించినవి. అవి అనుకొనినదానికంటె గట్టివని గ్రహించి, నిర్మాణశాస్త్ర నిపుణుడు గెంగో మత్సుయి సహాయముతో వాని బలమును పరీక్షించినారు. 1993లో జపాను ప్రభుత్వము ఈ పద్ధతికి అనుమతి ఇచ్చినది. 1995లో యమనాక సరస్సు సమీపమున 110 గొట్టములను వంకర వరుసలో నిలిపి ఒక ఇల్లు కట్టినారు.

ఇందులోని సూత్రము హైస్కూలు విద్యార్థికి సులభముగా బోధపడును. ఒక కాగితమును నిలువుగా నిలబెట్టినచో తన బరువుకే వంగిపోవును. దానినే గొట్టముగా చుట్టి అంచు అంటించినచో తలపై రెండు మూడు పుస్తకములను మోయును. కాగితము మారలేదు, దాని ఆకారము మారినది. స్తంభము వంగకుండ నిలుచుట, దానిలోని పదార్థము నడిమి అక్షమునకు ఎంత దూరమున అమరినదను దానిపై ఆధారపడును. 1995లో కోబే నగరమున బాన్ కట్టిన ఇళ్ళలో గొట్టముల వ్యాసము 106 మిల్లీమీటర్లు, మందము 4 మిల్లీమీటర్లు. అంతే కాగితమును బోలు లేని కడ్డీగా చేసినచో దాని వ్యాసము సుమారు 40 మిల్లీమీటర్లు మాత్రమే అగును. లెక్కించి చూచినచో, ఆ కడ్డీకంటె గొట్టమునకు వంపును ఎదుర్కొను శక్తి 12 రెట్లకు పైగా ఉండును. వెదురు బొంగు బలములోని రహస్యము కూడ ఇదియే.

అయితే ఆకారము ఇచ్చు బలమునకు పదార్థము హద్దులు గీయును. కాగితములోని సెల్యులోజు నారలను పట్టి ఉంచునవి ముఖ్యముగా హైడ్రోజను బంధములు. నీరు చొచ్చినప్పుడు అవి సడలును. ఎడతెగని బరువు క్రింద కాగితము కాలక్రమమున కొంచెము కొంచెముగా కుంగును. కావున గొట్టములకు నీరు అంటని పూత పూయవలెను, వానిపై పడు బరువును పరిమితముగా ఉంచవలెను.

ఈ హద్దులను ఎరిగి చేసిన పనికి కోబే ఇళ్ళు ఉదాహరణము. 1995 జనవరి 17న అచ్చట సంభవించిన భూకంపములో ఆరు వేలకు పైగా ప్రజలు మరణించినారు. నిలువ నీడ లేక గుడారములలో తలదాచుకొన్న వియత్నాము శరణార్థుల కొరకు బాన్ చిన్న చిన్న కాగితపు ఇళ్ళు కట్టించినారు. ఇసుక బస్తాలు నింపిన బీరు సీసాల పెట్టెలే వానికి పునాది. భూమి కంపించునపుడు భవనముపై పనిచేయు బలము దాని ద్రవ్యరాశిని బట్టి పెరుగును. తేలిక ఇంటికి ఆ తాకిడి తక్కువ, కూలినను ప్రాణహాని స్వల్పము. ఆ ప్రాంతముననే తకాతొరి చర్చి కొరకు 58 గొట్టములతో ఒక మందిరమును స్వచ్ఛంద సేవకులు ఐదు వారములలో నిలబెట్టినారు. తాత్కాలికమనుకొన్న ఆ మందిరము పదేండ్లు నిలిచినది. 2005లో దానిని విప్పి, 2008లో తైవానులో తిరిగి నిలిపినారు.

2001 జనవరి 26న గుజరాతులో భూకంపము వచ్చిన పిదప భుజ్ ప్రాంతమున కట్టిన ఇళ్ళు ఇంకను మెచ్చదగినవి. అచ్చట కూలిన ఇళ్ళ శిథిలములనే పునాదిగా పోసి, పైన మన పల్లెలలో వలె మట్టితో అలికినారు. కప్పునకు చీల్చిన వెదురు బద్దలను, చాపలను వాడినారు. కోబే నమూనాను యథాతథముగా దింపలేదు, స్థలమును బట్టి మార్చినారు. వాస్తుశిల్పి వివేకము ఇట్టి చోటనే తెలియును.

పెద్ద భవనముల సంగతి వేరు. 2000లో జర్మనీలోని హానోవర్ ప్రపంచ ప్రదర్శనలో జపాను మండపమును జర్మను నిపుణుడు ఫ్రై ఓట్టో సహకారముతో బాన్ రూపొందించినారు. దాని పొడవు సుమారు 74 మీటర్లు, ఎత్తు 16 మీటర్లు. జర్మను అధికారులు కాగితపు గొట్టముల అల్లికను మాత్రమే నమ్ముటకు ఒప్పుకొనలేదు. కర్ర కమానులు చేర్చవలసి వచ్చినది. కాగితపు కప్పుపై ప్లాస్టికు పొర కూడ కప్పవలసి వచ్చినది. న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరమును 2011 ఫిబ్రవరి 22న భూకంపము ధ్వంసము చేసినది. 2013లో అచ్చట తెరచిన 700 మంది పట్టు ‘అట్ట కెథీడ్రల్’ లో గొట్టముల లోపల కర్ర దూలములు కలవు. స్థానికముగా తయారగు గొట్టములు తగినంత మందముగా లేకపోవుటయే కారణము. పైన పాలీకార్బనేటు కప్పు, క్రింద కాంక్రీటు నేల. చూచువారికి అంతయు కాగితముగా తోచునుగాని, అచ్చట కాగితము అస్థికంటె వస్త్రమునకే దగ్గర.

డబ్బు కొరకు కట్టిన కాంక్రీటు భవనమైనను తాత్కాలికమే, ప్రజలు ప్రేమించినచో కాగితపు భవనమైనను శాశ్వతమగునని బాన్ వాదము. తకాతొరి మందిరము చరిత్ర దీనిని కొంతవరకు సమర్థించును. కాని ప్రేమ భవనమును కూల్చకుండ కాపాడునేగాని, దాని బరువును మోయదు. అట్లే సంఖ్యను కూడ మరువరాదు. కోబే పరిసరములలో ప్రభుత్వము కట్టిన తాత్కాలిక గృహములు సుమారు 48 వేలు. వాని ముందు కాగితపు ఇళ్ళు వేళ్ళపై లెక్కింపదగినవి. అవి దారి చూపినవిగాని, అవసరమును తీర్చలేదు.

ఇంతమాత్రమున ఆయన గొప్పతనమునకు లోపము రాదు. 2013లో జ్యూరిచ్ నగరమున ఒక పత్రికా సంస్థకు ఆయన ఏడంతస్తుల కార్యాలయమును కర్ర చట్రముతో కట్టినారు. దాని అతుకులు ఉక్కు బిగింపులు లేకయే కర్రలో కర్ర ఇమిడి నిలుచును. అచ్చట బరువును మోయు పదార్థము కంటికి కనిపించును. కోబేలో, భుజ్‌లో, జ్యూరిచ్‌లో ఆయన పదార్థము చేయగల పనినే దానికి అప్పగించినారు. హానోవర్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో కాగితము పేరు దాని శక్తిని మించిపోయినది.

కావున ఈ విషయమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు, కాగితము ఉక్కును జయించినదని చెప్పరాదు. ఏ పదార్థమును తక్కువగా చూడరాదని, దేనికైనను హద్దు ఉండునని, ఆ హద్దును కొలిచి తెలిసికొనవలెనని చెప్పవలెను. బాన్ కృషి నుండి విద్యార్థి నేర్వవలసిన పాఠము అదియే.