రాక్షసుల నోట ఎవరి పలుకు?

కథల్లో వింతజీవికి పేరు పెడితే, వినంగనే దాని రూపం కళ్లకు కట్టాలంటరు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 1929లో కోలర్ అనే మనస్తత్వవేత్త రెండు బొమ్మలు, అర్థంలేని రెండు పేర్లు ఇచ్చి జతపర్చమంటే, మొనలున్న బొమ్మకే ఎక్కువమంది 'టకేటే' అని పేరు పెట్టిన్రు. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్‌లు 'కీకీ', 'బూబా' పేర్లతో చెప్పిందీ ఇదే. సరే, శబ్దానికి మొన ఉండొచ్చు. కానీ మొన ఉన్నవాడు దుర్మార్గుడని ఏ శబ్దమూ చెప్పదు. ఆ తీర్పు సమాజానిది.

ఘటోత్కచుడు, ఖరుడు, శూర్పణఖ: ఒత్తక్షరాలు కర్కశం గనుక రాక్షసులకు తగినయని అనుకుంటం. మరి భీష్ముడు, ధర్మరాజు, రాఘవుడు? అవే ఒత్తక్షరాలు అక్కడ గాంభీర్యం ఎట్లయినయి? అక్షరం అదే, మనిషి స్థానం వేరు.

'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు ఇంకో దారి పట్టిండు. రాక్షసుల నోట 'అస్మదీయులు' 'అసమదీయులు' అయింది, 'దుష్టచతుష్టయం' 'దుషటచతుషటయం' అయింది. ఆ రాక్షసులు దుర్మార్గులు కారు, మాటలు పుట్టించే హక్కు కూడా వాళ్లకున్నది. అది పింగళి ఉదారత. అయినా నవ్వు దేనిమీద? జంట హల్లును విడగొట్టడం మీద. 'ధర్మం'ను 'దరమం', 'జన్మ'ను 'జనమ' అనే నోళ్లు మన వాడల నిండా ఉన్నయి. 'రత్నం' 'రతనం' అయితే వ్యాకరణం దాన్ని వికృతి అని చేర్చుకుంటది. మాదిగ పిల్లగాడు 'దరమం' అంటే బడిలో తప్పయితది.

'బాహుబలి' (2015)లో ఆ నవ్వు కూడా లేదు, భయమే. కాలకేయులకు మదన్ కార్కీ 'కిలికి' భాష చేసిచ్చిండు. నాలుకను అంగిలికి కొట్టి విడిచే ధ్వనులు, నల్లటి ఒళ్లు కలిసి 'అనాగరికులు' అని ప్రేక్షకునికి చెప్తయి. దక్షిణాఫ్రికాలో జులూ, షోసా మాట్లాడేవాళ్లకు ఆ ధ్వనులు రోజువారీ పలుకులే. నెల్సన్ మండేలా తల్లిభాష షోసా. కాలకేయ నాయకుని పేరు ఇంకోషి. జులూలో 'ఇంకోసి' అంటే రాజు, పెద్ద. ఒక జాతి గౌరవంగా పలికే మాటకు ఇంత దగ్గరి శబ్దం మన తెరమీద క్రూరునికి పేరైంది.

శబ్దసౌందర్యం గురించి రాసేవాళ్లు ఆ శబ్దం ఎవరి నోటిదో కూడా అడగాలె. మనం చేయవలసిన పని ఇంకోటుంది. వాడల్లో అవ్వలు చెప్పే దయ్యాల కథలను, వాటిలోని పేర్లతో సహా, పోగుచెయ్యాలె. ఆ కథల్లో భయపెట్టేవాడు ఏ శబ్దంతో వస్తడో, ఎవరిలెక్క మాట్లాడతడో వినాలె.