చెరువూ కావ్యమూ తోబుట్టువులే

హైదరాబాద్ శివారు నిజాంపేటలో నీటి మాట ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా ఉంటుంది. ఏప్రిల్‌లో ‘ట్యాంకర్ వచ్చిందా?’ అని అడుగుతాం. సెప్టెంబరులో ‘సెల్లార్‌లోకి నీళ్లు రాలేదు కదా?’ అని అడుగుతాం. 2020 అక్టోబరు వానలకు ఇక్కడి బండారి లేఔట్ వీధులు నీట మునిగాయి. తురక చెరువు నిండితే ఆ నీళ్లు ఎటు దిగుతాయో ఒకప్పుడు ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. ఫ్లాటు బ్రోచర్‌లో ఆ సంగతి ఉండదు.

బ్రోచర్ చెప్పకపోయినా, నీళ్లను ఎలా చూడాలో మన పద్యం నేర్పింది. ఆ చదువు ఎలాంటిదో ఒకసారి తిరగేద్దాం.

మన పెద్దలు మనిషికి ఏడు సంతానాలు చెప్పారు: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. అంటే చెరువు తవ్వించడం, కావ్యం రాయించడం ఒకే వరుసలో నిలిచే పనులు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరున్న 1369 నాటి శాసనంలో ఈ రెండూ కలిసిపోయాయి. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అందులో సంస్కృత శ్లోకాల్లో చెక్కారు. కట్ట ఊట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ దోషాలు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని నడిచిందని కూడా రాశారు. నీటిపారుదల శాస్త్రాన్ని ఛందస్సులో పెట్టి రాతిమీద నిలిపారన్నమాట.

ప్రబంధ లక్షణాల్లో జలక్రీడ, సముద్రం, ఋతువులు తప్పనిసరి వర్ణనలు. నియమం కోసం రాసినవాళ్లు ఎందరో. నీళ్ల దగ్గర కూర్చుని చూసి రాసినవాళ్లు ఇట్టే తెలిసిపోతారు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విల్లిపుత్తూరు తెల్లవారుజామును చూపిస్తాడు. పంటకాలువల్లో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతుంటాయి. స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి, మరిచిపోయిన బట్టలేమోనని తలారులు వాటిని తెచ్చి ఇచ్చేందుకు నీళ్లలో దిగుతారు. బాతులు లేచి పారిపోతాయి. వరిచేను కాస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వుతారు. అలంకారశాస్త్రం దీన్ని భ్రాంతిమంతం అంటుంది. ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవడం. అయితే ఈ పొరపాటు పుట్టాలంటే ముందు కాలువలో నీరుండాలి, బాతుండాలి, పొద్దున్నే స్నానానికి వచ్చే మనిషి ఉండాలి. ఊరు మొత్తం సరిగ్గా ఉంటేనే ఆ అలంకారం కుదురుతుంది.

పోతన దారి వేరు. ‘గజేంద్రమోక్షం’లో ఏనుగుల రాజు మడుగులో దిగి తొండంతో నీళ్లు పీల్చి ఆకాశానికి చిమ్ముతాడు. ఆ ఊపుకు ఎగిరిన మొసళ్లూ చేపలూ నింగిలోని మీన, కర్కాటక రాశులను పట్టుకుంటాయి. ఇది అతిశయోక్తి. ఆ పద్యం నడిచేది మత్తేభవిక్రీడితంలో. మదపుటేనుగు ఆట అని ఆ వృత్తం పేరుకు అర్థం. ఏనుగు నీటి ఆటకు ఏనుగు ఆట పేరున్న వృత్తమే దొరికింది. పైకి చదివితే గుక్క తిప్పుకోవడానికి తీరిక ఉండదు, నీళ్ల వడి నాలుకమీదికి వస్తుంది.

విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’లో నీటికి మనిషి ప్రాణం పోశారు. అత్తింట్లో నొచ్చుకున్న కోడలు కరిగి వాగవుతుంది, మగడు కొండరాయి అవుతాడు. నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పారి గోదావరిలో కలిసే వాగు అది. ఆ పాటలు చదివినవాళ్లకు అది మ్యాపులో నీలిగీత కాదు, ఒక ఆడపిల్ల దుఃఖం.

చదువు రానివాళ్ల విద్య ఇంకా సూటిగా ఉంటుంది. వాన రాకపోతే పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ పాడతారు. వానకు, కప్పకు, ఇంటి బిందెకు ఉన్న లంకె ఆ ఆటలోనే తెలిసిపోతుంది. ఇక బతుకమ్మ. చెరువులు నిండే నెలలో పూసే తంగేడు, గునుగు పూలే ఆ పండుగకు మూలం. పూలు పేర్చి, చుట్టూ ఆడి, చివరికి నీళ్లలో సాగనంపుతారు.

అందుకే ఏడాదికి ఒక్కరోజైనా నిజాంపేట అపార్టుమెంట్లలో ‘చెరువు ఎటు?’ అన్న ప్రశ్న వినబడుతుంది. ఆ సాయంత్రం తురక చెరువు వైపో, ప్రగతినగర్ అంబీర్ చెరువు వైపో తాంబాలం ఎత్తుకుని నడిచేవాళ్లు, తిరిగి వచ్చేముందు ఇంకో మాట కూడా అడగాలి: ఈ చెరువు మత్తడి ఎక్కడ? నిండిన నీళ్లు దుంకి పోయే దారి అదే. తూమునూ మత్తడినీ కాచే నీరటి ఇప్పుడు లేడు. ఆ దారి మన ఇంటి ముందునుంచే పోవచ్చు.