చేత్తో కుట్టిన విస్తరి

పండగ బంతికి కళ రావాలంటే డబ్బు పోయాలనుకుంటాం. చేత్తో కుట్టిన విస్తరి ఆ మాట తప్పని నిరూపిస్తుంది. తెలంగాణలో మోదుగాకు, తూర్పు కనుమల్లో అడ్డాకు దీనికి ముడిసరుకు. ఎండిన ఆకు విరగకుండా నీళ్లు చిలకరించి, నడుమ ఓ పెద్దాకు పరిచి, చుట్టూ అంచు మీద అంచు వచ్చేలా పేర్చి, సన్నటి పుల్లతో గుచ్చి, మిగిలిన కొన తుంచేస్తారు. గుండ్రం చెడకూడదు, పుల్ల వేలికి తగలకూడదు. ఎంత నేర్పు! ఆకుల ఈనెలన్నీ నడిమికి చేరే ఆ అమరికకు పైన వేరే హంగు అక్కర్లేదు. పక్కన నాలుగు బంతిపూలు చాలు.

చారు కారిపోతుందంటారు. ఆకులు పలచగా పేర్చినప్పుడే కారుతుంది. చారుకు ఎలాగూ దొన్నె ఉంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లెం చవకన్నది నిజమే, కానీ ఆ పళ్లేలనూ, అలంకరణకు వాడే థర్మకోల్‌నూ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. విస్తరి మాత్రం తిన్నాక పెంటలో కలిసి ఎరువవుతుంది. తీరిక లేదంటారా? పండగ ముందురోజు ఇంటిల్లిపాదీ కూర్చుంటే పది విస్తర్లు కష్టం కాదు. అంతకు మించి కావాలంటే కుట్టేవాళ్ల దగ్గర కొనండి, బేరమాడకుండా.