చప్పుడు కాని తలుపు

రంగస్థలం మీద ఒక తలుపు చప్పుడుకి వచ్చినంత పేరు పెద్ద పెద్ద నటులకి కూడా రాలేదేమో! నార్వే రచయిత ఇబ్సెన్ రాసిన ‘బొమ్మరిల్లు’ నాటకం సంగతే నేను చెప్పేది. 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగెన్‌లోని రాయల్ థియేటర్‌లో దాన్ని మొదటిసారి ఆడారు.

భర్తకి జబ్బు చేస్తే, అతనికి తెలియకుండా, తండ్రి సంతకం తనే పెట్టి అప్పు తెస్తుంది నోరా. ఇటలీ తీసుకువెళ్ళి అతన్ని బతికించుకుంటుంది. సంగతి బయటపడగానే, పిల్లల్ని పెంచే అర్హతే నీకు లేదంటాడు ఆ మహానుభావుడు. తీరా అప్పుపత్రం తిరిగొచ్చి, పరువుకి ఢోకా లేదని తేలాక, క్షమించేశానంటాడు! ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి నోరా అతన్ని కూర్చోబెట్టి నిలదీస్తుంది. ముగ్గురు పిల్లల్నీ వదిలి వెళ్ళిపోతుంది. కింద తలుపు మూసుకున్న చప్పుడుతో తెర పడుతుంది.

గొడవంతా పిల్లల గురించే. 1880లో జర్మనీలో నోరా వేషం వెయ్యాల్సిన హెడ్విగ్ నీమన్-రాబె, తనైతే పిల్లల్ని వదిలి వెళ్ళనని పట్టుబట్టింది. ఎవరో మార్చి పాడుచేసే బదులు ఇబ్సెన్ తనే ముగింపు మార్చి ఇచ్చాడు. అందులో నోరా నిద్రపోతున్న పిల్లల్ని చూసి కూలబడిపోతుంది. అది తన నాటకానికి జరిగిన ఘోరమని ఆయనే అన్నాడు.

నిజమే. కాని నన్ను పట్టి కుదిపేది ఆ తలుపు కాదు, రెండో అంకం మొదట్లో వచ్చే చిన్న ఘట్టం. దాది ఆన్-మరీ వేషాల పెట్టె తెచ్చి పెడుతుంది. కన్నబిడ్డని పరాయివాళ్ళకి ఇవ్వడానికి నీకు మనసెలా ఒప్పిందని నోరా ఆమెని అడుగుతుంది. తల్లిలేని నోరాకి దాదిగా రావాలంటే తప్పలేదంటుంది ఆ ముసలామె. మోసం చేసినవాడు పైసా సాయం చెయ్యలేదు. ఆ కూతురు రాసిన రెండు ఉత్తరాలే ఆమెకి మిగిలిన ఆస్తి!

చూశారా! ఈవిడా బిడ్డని వదిలింది. కాని ఏ తలుపూ చప్పుడు చెయ్యలేదు, ముగింపు మార్చమని ఏ నటీ పేచీ పెట్టలేదు. ఆత్మగౌరవం కోసం వదిలితే లోకం తల్లకిందులైంది. కూటికోసం వదిలితే, పాపం, మామూలే కదా అనుకుంది!

ఇబ్సెన్‌కి ఇది తెలియదనను. తెలియకపోతే ఆ ఘట్టం రాసేవాడే కాదు. అయితే చివరి అంకంలో ఆమెని రంగం మీదికే రానివ్వలేదు. అది మాత్రం నాకు లోటుగానే తోస్తుంది. నోరా ధైర్యంగా గడప దాటిందంటే, లోపల పిల్లల దగ్గర ఆన్-మరీ ఉందన్న భరోసా కూడా అందులో ఉంది.

నోరా వెళ్ళడం తప్పని నేననను. ఆ నాటకం చూసే అవకాశమొస్తే తలుపు చప్పుడు ఎలాగూ వినిపిస్తుంది. వేషాల పెట్టె దగ్గర దాది నెమ్మదిగా చెప్పే నాలుగు మాటలు మాత్రం చెవి ఒగ్గి వినండి.